పేరు బడిలో, పిల్ల ఇంట్లో: మా అమ్మాయికి ప్రభుత్వ పాఠశాల ఏమేం చేయాలి?

ప్రశ్న: లంక ఊరి తండ్రి

పెద్దలందరికీ నమస్కారం. మాది పి.గన్నవరం వైపు గోదావరి పాయ మధ్య ఉన్న ఒక లంక గ్రామం. నేను కొబ్బరికాయల వ్యాపారి దగ్గర గుమస్తాగా పని చేస్తున్నాను. మా అమ్మాయికి ఏడేళ్ళు నిండాయి. మా ఊరి ప్రాథమిక పాఠశాలలో రెండవ తరగతిలో పేరుంది. చదువుతోంది అనకుండా పేరుంది అని ఎందుకంటున్నానంటే, కొంతకాలంగా పేరు బడిలోనూ పిల్ల ఇంట్లోనూ ఉంటున్నాయి.

మా పాప నెలలు నిండకుండా పుట్టింది. ఏడాదిన్నర దాటినా నిలబడకపోవడంతో కాకినాడ తీసుకువెళ్తే, అక్కడి వైద్యులు సెరిబ్రల్ పాల్సీ, అంటే మెదడుకు జరిగిన నష్టం వల్ల కండరాలు మాట వినని స్థితి, అని చెప్పారు. పిక్కలు రెండూ బిగుసుకుపోవడం వల్ల మునివేళ్ళ మీద నడుస్తుంది, అదీ గోడ పట్టుకుని. కుడిచేతికి పట్టు తక్కువ. మాట నిదానంగా వస్తుంది, కొత్తవారికి అర్థం కావడం కష్టం. తెలివికి మాత్రం లోటు లేదు. రాత్రిపూట నేను కాయల లెక్క పైకి చదువుతూ కూడుకుంటుంటే, పక్కన పడుకుని నా తప్పు పట్టుకుంటుంది.

ఒకటవ తరగతి ఉన్నన్నాళ్ళూ వాళ్ళమ్మ చంకనేసుకుని తీసుకువెళ్ళేది. ఈ ఏడు పాప బరువు పెరిగింది, ఆవిడకు నడుము నొప్పి పట్టుకుంది. బడిలో మాస్టారు మంచివారే, ఏనాడూ విసుక్కోలేదు. అయితే జూన్‌లో పిలిచి, “ఐదు తరగతులకు ఇద్దరమే ఉన్నాం. పాపను చూసుకోవడానికి మనిషి లేరు. పేరు ఉంచుతాం, రోజూ తీసుకురానవసరం లేదు. వీలైతే హాస్టల్ ఉన్న ప్రత్యేక పాఠశాలలో చేర్చండి” అన్నారు. ఏడేళ్ళ పిల్లను హాస్టల్లో వదలడానికి మాకు మనసు ఒప్పడం లేదు.

ఆయన చెప్పిన మాట చట్టం ప్రకారం చెల్లుతుందా? మండల కేంద్రంలో భవిత కేంద్రం ఉందని విన్నాను. రేవు దాటి, అక్కడి నుంచి ఆటోలో వెళ్ళాలి. అక్కడ ఏం చేస్తారు, బడి మాని అక్కడికే వెళ్ళాలా? సదరం వైకల్య ధ్రువపత్రంలో 60 శాతం అని రాశారు, పింఛను వస్తోంది. అది కాక బడి తరఫున రావలసినవి ఏమైనా ఉన్నాయా? అమెరికాలో ఉన్న మా బావమరిది, అక్కడ ఇలాంటి ప్రతి పిల్లకూ ఏడాదికి ఏమేం నేర్పుతారో కాగితం మీద రాసి తల్లిదండ్రుల చేతికి ఇస్తారని చెబుతున్నాడు. అలాంటి కాగితం ఇక్కడ అడిగితే నవ్వుతారా? తెలిసినవారు దయచేసి వివరంగా చెప్పగలరు.


జవాబు 1: సహిత విద్య ఉపాధ్యాయిని, కోనసీమ

నమస్కారమండి. నేను కోనసీమలోనే మరో మండలంలో సహిత విద్య (వైకల్యం ఉన్న పిల్లలకు మిగతా పిల్లలతో కలిపి చదువు) రిసోర్స్ టీచరుగా, అంటే అందరూ ఐఈఆర్‌టీ అని పిలిచే ఉద్యోగంలో, పని చేస్తున్నాను. మీ మండలంలోనూ మాలాంటి వారు ఉంటారు. అన్నిటికంటే ముందు, మీ పాప పేరు వారి జాబితాలో ఉందో లేదో రేపే కనుక్కోండి. ప్రతి బడీ ఏటా యూడైస్‌లో, అంటే ప్రభుత్వ ఆన్‌లైన్ బడుల రిజిస్టరులో, పిల్లల వివరాలు నమోదు చేస్తుంది. అందులో మీ పాపను ప్రత్యేక అవసరాలు గల విద్యార్థినిగా, ఏ రకమైన వైకల్యమో సహా, చూపించి ఉండాలి. ఆ గడి ఖాళీగా ఉంటే, బడులకు నిధులిచ్చే సమగ్ర శిక్ష పథకం లెక్కల్లో మీ అమ్మాయి మామూలు విద్యార్థిని. ఉపకరణాలు, భత్యాలు, ఫిజియోథెరపీ అన్నీ ఆ గడిని చూసే వస్తాయి. సదరం పత్రం సంక్షేమ శాఖకు తెలిసినంత మాత్రాన బడికి తెలిసినట్టు కాదు. పింఛను వస్తోంది కదా, అన్నీ నమోదయ్యే ఉంటాయనుకుని రెండు మూడేళ్ళు పోగొట్టుకున్న కుటుంబాలను నేను చూశాను.

భవిత కేంద్రం బడికి బదులు కాదు. పేరు ఊరి బడిలోనే ఉంటుంది, చదువు అక్కడే సాగుతుంది. బడిలో దొరకని తర్ఫీదు కోసం భవితకు వస్తారు. మా కేంద్రంలో వారానికి ఒక రోజు ఫిజియోథెరపిస్టు వస్తారు. మిగిలిన రోజుల్లో మేము పిల్లల చేత అన్నం కలిపించడం, బొత్తాలు పెట్టించడం, బొమ్మల కార్డులతో మాట్లాడించడం, పలక మీద గీతలు గీయించడం వంటివి చేయిస్తూ, వంతుల వారీగా బడులు తిరుగుతాం. బడికి వెళ్ళినప్పుడు మేము పిల్లతో గడిపే గంట కంటే, తరగతి ఉపాధ్యాయుడితో మాట్లాడే పావుగంటే ఎక్కువ పని చేస్తుంది. మేము నెలకు రెండుసార్లు వస్తాం, ఆయన రోజూ ఉంటారు.

ఫిజియోథెరపీ గురించి ఒక సంగతి మనసులో పెట్టుకోండి. సెరిబ్రల్ పాల్సీలో మెదడుకు జరిగిన నష్టం పెరగదు. అయితే పిల్ల ఎదుగుతున్నప్పుడు ఎముక సాగినంత వేగంగా బిగుసుకున్న కండరం సాగదు కాబట్టి, పట్టించుకోకపోతే అయిదేళ్ళప్పుడు గోడ పట్టుకుని నడిచిన పిల్ల పదేళ్ళకు కూర్చుండిపోవచ్చు. వారానికి ఒక రోజు చేసే వ్యాయామం దానికి సరిపోదు. ఆ రోజు వెళ్ళేది ఇంట్లో రోజూ ఎలా చేయాలో మీరు నేర్చుకోవడానికి. పిక్కను ఏ కోణంలో ఎంతసేపు సాగదీసి పట్టుకోవాలో అక్కడే మీ చేత చేయించి చూపించమనండి, ఫోనులో వీడియో తీసుకోండి.

కాగితం సంగతి. నవ్వరండి. వ్యక్తిగత విద్యా ప్రణాళిక రాయడం మా ఉద్యోగంలో భాగమే. అయితే నిజం చెప్పాలి: చాలాసార్లు అది మా రిజిస్టరులోనే ఉండిపోతుంది, తల్లిదండ్రులు అడగరు, మేమూ చూపించం. మీరు అడగండి, ఒక ప్రతి తీసుకోండి. “పాప అన్ని విధాలా అభివృద్ధి చెందాలి” అని రాసిన ప్రణాళిక ఎందుకూ కొరగాదు. మీ పాపకు నేనే రాయవలసి వస్తే ఇలా రాస్తాను: దసరా సెలవుల నాటికి బల్ల ముందు ఆసరా లేకుండా పది నిమిషాలు కూర్చోవాలి, పెన్సిలుతో రాయలేకపోయినా, ముందు పెట్టిన నాలుగు అంకెల కార్డుల్లోంచి కూడిక జవాబు తీసి చూపించాలి, మూత్రానికి వెళ్ళాలనిపిస్తే బొమ్మ చూపి టీచరుకు చెప్పాలి. మూడే మూడు. ఒక్కోదాని ఎదుట ఎవరు చేయిస్తారు, వారానికి ఎన్నిసార్లు అన్నది ఉండాలి. మీ పాప రాతలో వెనకబడిందేమో గాని లెక్కలో వెనకబడలేదు. ఆ రెంటినీ విడదీసి చూడకపోవడమే మన బడుల్లో జరిగే పెద్ద పొరపాటు.

రావలసినవాటి విషయానికొస్తే, సమగ్ర శిక్ష కింద ఒక్కో పిల్లకు ఏడాదికి రూ.3,500 చొప్పున లెక్క కట్టి నిధి ఇస్తారు. ఇది మీ చేతికి వచ్చే డబ్బు కాదు, ఉపకరణాలకు, థెరపీకి, సామగ్రికి కలిపి ఖర్చు చేసేది. ఆడపిల్లలకు మాత్రం నెలకు రూ.200 చొప్పున పది నెలలు ఉపకార వేతనం ఉంది, అది ఖాతాలో పడుతుంది. వీటితోపాటు తోడు తీసుకువచ్చేవారికి ఎస్కార్టు భత్యం, రవాణా భత్యం ఉన్నాయి. మీరు రేవు దాటి భవితకు రావాలి కాబట్టి ఈ రెండూ తప్పక అడగాలి. హాజరును బట్టి ఇస్తారు, ఒక్కోసారి ఆలస్యంగా పడతాయి. బ్యాంకు పుస్తకం, ఆధార్, సదరం నకళ్ళు ఒక సెట్టు మా దగ్గరే ఉంచితే ఏటా తిరగనవసరం ఉండదు.

నడక ఊతం, క్యాలిపర్ల (కాలికి తొడిగే ఆసరా పట్టీల) వంటివి కాన్పూరులోని అలింకో సంస్థ ద్వారా ఇస్తారు. ముందు కొలతల శిబిరం, కొన్ని నెలల తర్వాత పంపిణీ శిబిరం జరుగుతాయి. ఈలోగా పిల్ల కాలు ఆగదు కదండీ. కొలిచిన కాలు ఒకటి, పెట్టె విప్పేనాటికి కాలు మరొకటి. క్యాలిపరు ఇచ్చిన రోజునే అక్కడే తొడిగించి, పావుగంట నడిపించి, తీసి చూడండి. చర్మం మీద ఎర్రటి గుర్తు పడి కాసేపటికి కూడా పోకపోతే, బాగాలేదని అక్కడికక్కడే చెప్పాలి. ఇంటికి తెచ్చాక చెబితే అది అటక ఎక్కుతుంది.


జవాబు 2: ఒక తల్లి, భీమవరం దగ్గర

అన్నయ్య గారూ, మా బాబుకు ఇప్పుడు పన్నెండేళ్ళు, ఇదే సమస్య. ఆరవ తరగతి, ప్రభుత్వ ఉన్నత పాఠశాల. చట్టాల గురించి పెద్దవారు చెబుతారు, నేను కుర్చీ గురించి చెబుతాను.

పిల్ల సరిగ్గా కూర్చోలేకపోతే చేయి పని చేయదు. అంతకాలం మేము వాడికి చేతిలో పట్టు లేదనుకున్నాం. మొదటి రెండేళ్ళూ మామూలు బెంచీ మీద కూర్చోబెట్టారు. కాళ్ళు గాలిలో వేలాడేవి, ఒళ్ళంతా పడిపోకుండా చూసుకోవడానికే బలం చాలేది కాదు, ఇక రాతేం రాస్తాడు? భవితలో టీచరమ్మ చెప్పిన కొలతలతో మా వీధి వడ్రంగి చేత చిన్న కుర్చీ చేయించాం. పాదాలు రెండూ నేలకు ఆనాలి, మోకాలు, నడుము చదరంగా మడవాలి, పక్కలకు చేతులు ఉండాలి, తొడల మధ్య చిన్న దిమ్మ ఉండాలి. నడుముకు నా పాత చీర మడిచి పట్టీ కుట్టాను. వాలుగా ఉండే రాత పలక ఒకటి, పెన్సిలుకు పాత సైకిలు హ్యాండిలు రబ్బరు తొడుగు ఒకటి. మొత్తం మీద పెద్ద ఖర్చు కాలేదు. మూడో వారానికి వాడు మొదటి ‘ట’ రాశాడు. పలకంత పెద్ద ‘ట’.

రెండోది ఎవరూ పైకి అడగరు, నేను అడుగుతాను. మీ బడిలో పాప బాత్‌రూముకు ఎలా వెళ్తోంది? మా బాబు బడిలో నీళ్ళు తాగడం మానేశాడన్న సంగతి నాకు ఆరు నెలల తర్వాత తెలిసింది. తాగితే వెళ్ళాలి, వెళ్తే ఎవరినో బతిమాలాలి. ఎండాకాలం జ్వరం వచ్చి ఆసుపత్రికి తీసుకువెళ్తే మూత్రంలో ఇన్‌ఫెక్షన్ అన్నారు. నిజానికి మా బడిలో కమోడు ఉన్న గది కట్టారు, తాళం వేసి అందులో చీపుళ్ళు, బ్లీచింగు బస్తాలు పెట్టారు. బడి కమిటీ సమావేశంలో నిలబడి అడిగాను. తాళం తీశారు, గోడకు పట్టుకునే కమ్మీ బిగించారు. పిల్లను బడికి పంపడం కష్టమనిపించడానికి సగం కారణం ఇదే అయి ఉంటుంది, ఒకసారి చూడండి.


జవాబు 3: పాలకొల్లు వాడిని, ప్రస్తుతం అమెరికాలో

మీ బావమరిది చెప్పింది వాస్తవమే, అయితే ఆ కాగితం వెనుక ఏముందో కూడా తెలిస్తే మీకు ఉపయోగపడుతుంది. మా రెండవవాడికి ఆటిజం. ఆరేళ్ళుగా ఆ కాగితంతోనే కాపురం చేస్తున్నాం.

ఇక్కడ 1975లో ఒక సమాఖ్య చట్టం వచ్చింది, 1990 నుంచి దాన్ని ‘ఐడియా’ అనే పొడి పేరుతో పిలుస్తున్నారు. మూడేళ్ళ నుంచి ఇరవై ఒక్క ఏళ్ళ వరకు, వైకల్యం వల్ల ప్రత్యేక బోధన అవసరమైన ప్రతి పిల్లకూ ప్రభుత్వ బడి ఉచితంగా తగిన విద్య ఇవ్వాలి, వీలైనంత వరకు మిగతా పిల్లల మధ్యనే ఇవ్వాలి. మేము లిఖితపూర్వకంగా కోరి, పరీక్షించడానికి అంగీకార పత్రం మీద సంతకం చేశాక, రాష్ట్రం వేరే గడువు పెట్టుకోకపోతే 60 రోజుల్లో బడి ఆ పరీక్షలు ముగించాలి. అర్హత తేలిన 30 రోజుల్లో ప్రణాళిక కోసం సమావేశం జరపాలి. దాన్ని ఏటా సమీక్షించాలి. మూడేళ్ళకోసారి పిల్లవాడిని మళ్ళీ పరీక్షించాలి, అక్కర లేదని ఇరుపక్షాలూ ఒప్పుకుంటే తప్ప. మావాడి ప్రణాళికలో మాట నేర్పే థెరపీ వారానికి రెండుసార్లు, ముప్పై నిమిషాల చొప్పున అని ఉంది. ‘అవసరాన్ని బట్టి’ అని లేదు. నిమిషాలు రాసి ఉండడం వల్లనే, థెరపిస్టు సెలవులో ఉన్న నెల పోయిన గంటలను తర్వాత ఇవ్వమని అడగగలిగాం. ఒప్పుకోకపోతే విచారణ కోరే హక్కు ఉంది. ఇంగ్లిషు రాని తల్లిదండ్రులకు సమావేశంలో దుబాసీని బడే ఏర్పాటు చేయాలి. మా అత్తగారు వచ్చిన ఏడు, ఆవిడ కోరిక మీద తెలుగు దుబాసీని అడిగితే ఫోనులో ఒకరిని కలిపారు. ఆవిడ ఆయనతో ముందు ఏ ఊరు నాయనా అని మొదలుపెట్టింది, అది వేరే కథ.

ఇదంతా చదివి అక్కడ స్వర్గం ఉందనుకోకండి. బల్లకు అటువైపు ఆరుగురు నిపుణులు, ఇటువైపు మేమిద్దరం. వాళ్ళ మాటలు అర్థం కావడానికే మాకు రెండేళ్ళు పట్టింది. ఈ చదువుకయ్యే అదనపు ఖర్చులో కేంద్రం 40 శాతం దాకా భరిస్తుందని చట్టం వచ్చినప్పుడు ఆశ పెట్టారు, ఇన్నేళ్ళలో ఏనాడూ ఆ మేరకు ఇవ్వలేదు. అందుచేత బడులు ఖర్చు తగ్గించుకోవడానికే చూస్తాయి. నేను నేర్చుకున్నది మీకు అక్కడ కూడా పనికి వస్తుంది: ఏదైనా నోటితో అడిగినంతకాలం అది మంచి చెడ్డలు మాట్లాడుకోవడమే, తారీఖు వేసి రాసి ఇచ్చిన రోజు నుంచే అది అభ్యర్థన.


జవాబు 4: విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు, అమలాపురం

బాబూ, మీరు అడిగిన మొదటి ప్రశ్నకు సూటిగా జవాబు ఇంకా ఎవరూ ఇవ్వలేదు కాబట్టి నేను ఇస్తాను. మీ బడి చెప్పిన మాట చెల్లదు.

దివ్యాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది, 2017 ఏప్రిల్ 19 నుంచి అమలులో ఉంది. పాత చట్టంలో ఏడు రకాల వైకల్యాలు ఉండగా ఇందులో 21 ఉన్నాయి, సెరిబ్రల్ పాల్సీ వాటిలో ఒకటి. 31వ సెక్షను ప్రకారం, 40 శాతానికి తగ్గని వైకల్యం ఉన్న ఆరు నుంచి పద్దెనిమిదేళ్ళ పిల్లలకు, దగ్గరలోని బడిలో గాని, తమకు నచ్చిన ప్రత్యేక పాఠశాలలో గాని ఉచితంగా చదువుకునే హక్కు ఉంది. ఈ రెంటిలో ఏది అన్నది పిల్ల వైపు వారు ఎంచుకోవలసినది, బడి ఎంచి పంపవలసినది కాదు. 16వ సెక్షను ప్రభుత్వ గుర్తింపు గాని నిధులు గాని ఉన్న ప్రతి బడి మీదా బాధ్యతలు పెట్టింది: చేర్చుకోవడంలో వివక్ష చూపరాదు, భవనం, ఆవరణ అందుబాటులో ఉండాలి, పిల్ల అవసరానికి తగిన వెసులుబాట్లు చేయాలి, అధిక సహాయం కావలసిన పిల్లకూ తోడు వచ్చేవారికీ రవాణా సౌకర్యం చూడాలి. పరీక్షల్లో అదనపు సమయం, రాసిపెట్టే సహాయకుడు, రెండవ, మూడవ భాషల మినహాయింపు 17వ సెక్షనులో ఉన్నాయి. మీకు వాటితో పని తర్వాత పడుతుంది.

ఇంటి వద్ద విద్య గురించి జనంలో ఒక అపోహ ఉంది. విద్యాహక్కు చట్టానికి 2012లో చేసిన సవరణ, బహుళ వైకల్యం లేదా తీవ్ర వైకల్యం ఉన్న పిల్లలు ఇంటి వద్ద విద్యను కోరుకోవచ్చునని చెప్పింది. కోరుకోవచ్చు, అంతే. రానవసరం లేదని బడి ఆదేశించడానికి ఆ సవరణలో చోటు లేదు. పైగా ఇంటి వద్ద విద్య అంటే ఉపాధ్యాయుడు ఇంటికి వచ్చి నేర్పడం. ఎవరూ రాకుండా రిజిస్టరులో పేరు మాత్రం మిగిలితే దానికి చట్టంలో ఏ పేరూ లేదు.

పాలకొల్లు అబ్బాయి చెప్పిన గడువులు మన చట్టంలో లేవు. మన దగ్గర వ్యక్తిగత ప్రణాళికకు ఇన్ని రోజుల్లో సమావేశం, ఇన్ని నిమిషాల థెరపీ అంటూ నిర్బంధించే నిబంధన లేదు. అందువల్ల మనం ఆ కాగితాన్ని హక్కుగా ఝళిపించడం కంటే, అందరూ సంతకం చేసిన ఒప్పందంగా తయారు చేసుకోవడం మేలు. ప్రధానోపాధ్యాయుడికి ఒక పేజీ దాటకుండా ఉత్తరం రాయండి. పాప పేరు, తరగతి, సదరం సంఖ్య, ఆమె చేయగలిగినవి, చేయలేనివి, మీరు కోరే ఐదు విషయాలు: యూడైస్ నమోదు, సహిత విద్య ఉపాధ్యాయుల సందర్శన, ప్రణాళిక ప్రతి, బాత్‌రూము, ర్యాంపు. ‘అందినది’ అని రెండో ప్రతి మీద తారీఖుతో సంతకం తీసుకోండి. నకలు మండల విద్యాశాఖాధికారికి, మరొకటి జిల్లా సమగ్ర శిక్ష కార్యాలయంలోని సహిత విద్య సమన్వయకర్తకు. అక్కడా కదలిక లేకపోతే రాష్ట్ర దివ్యాంగుల కమిషనరుకు ఫిర్యాదు చేయవచ్చు. చట్టంలో రూ.10,000 వరకు జరిమానా నిబంధన కూడా ఉంది, కానీ మొదటి ఉత్తరంలో ఆ మాట రాయకండి. ఐదు తరగతులు చూసే ఆ ఇద్దరు మాస్టర్లే రేపు మీ పాపకు అండ. వారి కష్టం కూడా నిజమే. ప్రాథమిక స్థాయిలో అవసరమున్న పది మంది పిల్లలకు ఒక ప్రత్యేక ఉపాధ్యాయుడు, ఆపై తరగతుల్లో పదిహేను మందికి ఒకరు ఉండాలని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది. మన మండలాల్లో ఇద్దరు ఐఈఆర్‌టీలు ఎన్ని ఊళ్ళు తిరుగుతున్నారో పై టీచరమ్మనే అడగండి.

ర్యాంపు కట్టేటప్పుడు దగ్గరుండి చూడండి. అరుగు అడుగు ఎత్తుంటే ర్యాంపు పన్నెండు అడుగుల పొడవు ఉండాలి. నా ఉద్యోగకాలంలో నాలుగడుగుల్లో ముగించిన ర్యాంపులు చూశాను. వాటి మీద పిల్లలు జారుడుబల్ల ఆడుకునేవారు.

ఒక్క విషయంలో మాత్రం ప్రత్యేక పాఠశాలల పక్షాన ఒక మాట. పుట్టు చెవిటి పిల్లలకు, సైగల భాష తెలిసిన తోటి పిల్లల మధ్య పెరగడం చాలా మేలు చేస్తుంది, ఊరి బడిలో అది దొరకదు. అలాంటి తల్లిదండ్రులు ఈ చర్చ చదివి తొందరపడి నిర్ణయించుకోకూడదు. మీ అమ్మాయి సంగతి వేరు. కాయల లెక్కలో తప్పు పట్టే పిల్లకు కావలసింది కుర్చీ, దారి, కాస్త సమయం.


ప్రశ్న అడిగినవారి నుంచి మళ్ళీ

అందరికీ పేరుపేరునా నమస్కారాలు. ఐదు వారాలయింది, జరిగింది చెప్పాలి.

అమలాపురం మాస్టారు గారు చెప్పినట్టే ఉత్తరం రాసి ఇచ్చాను. మా బడి ప్రధానోపాధ్యాయులు చదివి కాసేపు మాట్లాడలేదు. తర్వాత నా ఎదురుగానే యూడైస్ తెరిపించి చూశారు. నిజంగానే ఆ గడి ఖాళీ. ఆ రోజే నింపించారు. పది రోజులకు మండలం నుంచి ఐఈఆర్‌టీ టీచరు పడవలో వచ్చారు. పాప ముందు అంకెల కార్డులు పరిచి ఏడు, ఆరు కలిపితే ఎంత అని అడిగితే, మా పిల్ల ఎడమచేత్తో ఒకటి, మూడు తీసి పక్కపక్కన పెట్టింది. తరగతి మాస్టారు కుర్చీలోంచి లేచి వచ్చి, మరోటి అడిగారు. ఇంకోటి అడిగారు. ఆ తర్వాత ఆయన నాతో హాస్టల్ మాట ఎత్తలేదు.

భీమవరం చెల్లెమ్మ చెప్పిన కుర్చీ మా ఊళ్ళో పడవలు బాగుచేసే వడ్రంగి చేశాడు, కూలి తీసుకోలేదు. ప్రణాళిక ప్రతి నా దగ్గర ఉంది, అందులో మూడే ఉన్నాయి. పాప ఇప్పుడు మధ్యాహ్న భోజనం దాకా బడిలో ఉంటోంది. బాత్‌రూముకు ఇంకా వాళ్ళమ్మే పదకొండు గంటలకు వెళ్ళి వస్తోంది, కమ్మీ బిగిస్తామన్నారు. భవితకు మూడుసార్లు వెళ్ళాం. నాలుగో వారం వరద వచ్చి రేవు మూసేశారు, ఫిజియోథెరపీ ఆగింది, వీడియో చూసి ఇంట్లో చేశాం.

ఇప్పుడు నా భయం వేరు. మా లంకలో బడి ఐదో తరగతి వరకే. ఆరుకు గట్టు అవతలికి, పడవ మీద. దానికి ఇప్పటి నుంచే ఏం చేయాలి?


జవాబు: సహిత విద్య ఉపాధ్యాయిని, కోనసీమ

చాలా సంతోషమండి. ఆరవ తరగతికి ఇంకా నాలుగేళ్ళు ఉంది, కానీ రెండు పనులు ఇప్పుడే మొదలుపెట్టవచ్చు. మూడవ తరగతి అయ్యేలోగా పాప చక్రాల కుర్చీ వాడుతుందా, క్యాలిపర్లతో నడుస్తుందా అన్నది ఫిజియోథెరపిస్టు, ఎముకల డాక్టరు కలిసి తేల్చాలి. పడవ ఎక్కే విధానం దాన్ని బట్టి ఉంటుంది. అవతలి ఉన్నత పాఠశాలలో కింది అంతస్తులో తరగతి, కమోడు, ర్యాంపు ఉన్నాయో లేదో ఈ ఏడే ఒకసారి వెళ్ళి చూసి, లేనివి రాసి ఆ బడి కమిటీకి ఇవ్వండి. కట్టడానికి నాలుగేళ్ళు ఎక్కువ సమయమేమీ కాదు.

వరద రోజుల్లో భవితకు రాలేకపోయిన వారాలను రాసి ఉంచండి, నీరు తీశాక మీ మండలం టీచరుకు చూపించి ఆ రోజుల్లో ఇంటికి రమ్మని అడగండి. కమ్మీ నేల నుంచి ఎంత ఎత్తులో బిగించాలో పాపను అక్కడ కూర్చోబెట్టి, చేయి ఆనిన చోట సుద్దముక్కతో గీత పెట్టించండి. మేస్త్రీలు తమ చేతికి అందే ఎత్తులో బిగించేస్తారు.